అనంతపురం రాళ్ళు, ఆకాశపు రాళ్ళు: భూమి వయస్సు చరిత్రలో సంఘానికి ఒక పాఠం

అనంతపురం జిల్లా వజ్రకరూరు పొలాలలో తొలకరి వానల తరువాత ప్రజలు వజ్రాల కోసం వెదకుతారు. ఈ కరువు సీమలో చదువుకొనే మన సంఘ యువకునికి ఆ రాళ్ళను గూర్చి రెండు లెక్కలు వినబడతాయి. కోట్ల సంవత్సరాలని పాఠ్యపుస్తకం చెబుతుంది. సృష్టి మొత్తానికి ఆరువేల ఏళ్ళేనని కొన్ని ప్రసంగాలు చెబుతాయి. ఏదో ఒకటి విడిచిపెట్టమని అతనిని ఒత్తిడి చేయకముందు, ఈ లెక్కలు ఎలా వచ్చాయో పరిశీలించడం కాపరుల బాధ్యత అని మేము భావిస్తున్నాము.

మొదటి లెక్క ఐర్లండు ఆర్చిబిషప్పు జేమ్స్ అషర్‌ది. వంశావళులను, రాజుల పాలనాకాలాలను లెక్కించి ఆయన 1650లో సృష్టికి క్రీ.పూ. 4004 అనే తేదీ నిర్ణయించాడు. 1701 నుండి ఆ తేదీ ఇంగ్లీషు బైబిళ్ళ అంచులలో అచ్చయింది. ఆయన పాండిత్యం గౌరవించదగినదే. అయితే అంచులో ఉన్న అంకె మూలవాక్యం కాదు.

రెండవ లెక్క రాళ్ళ పరిశీలన నుండి ఎదిగింది. భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్ బళ్ళారి జిల్లా భూగర్భ వివరాలను 1895లో ప్రచురించాడు. నేటి అనంతపురం జిల్లాలోని రాయదుర్గం అప్పట్లో బళ్ళారి జిల్లాలోనిదే. ఫుట్ మిషనరీ పీటర్ పెర్సివల్‌కు అల్లుడు. మిషనరీ కుటుంబానికి, రాళ్ళ అధ్యయనానికి వైరం తప్పదనేవారు ఈ బంధుత్వాన్ని గమనించాలి.

ఈ పీఠభూమిలోని గ్రానైటు, నైస్ రాళ్ళలో అధికభాగం సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటివి, కొన్ని అంతకన్నా పాతవి. వజ్రాలను భూగర్భం నుండి పైకి తెచ్చిన కింబర్లైటు వయస్సు సుమారు 110 కోట్ల ఏళ్ళు. ఇవి కూడా భూమి పుట్టుకకు సాక్షులు కావు. తొలినాటి భూమి కరిగి, దాని పైపొర పలుమార్లు మారిపోయింది.

ఆ సాక్ష్యం ఆకాశం నుండి పడిన రాళ్ళలో దొరికింది. అటువంటి ఉల్కలు 1852లో నెల్లూరు ప్రాంతంలోను, 1870లో పార్వతీపురం ప్రాంతంలోను పడ్డాయి. అమెరికాలో క్లెయిర్ ప్యాటర్సన్ ఉల్కలలోని సీసాన్ని కొలిచి, భూమి వయస్సు సుమారు 455 కోట్ల ఏళ్ళని 1956లో ప్రకటించాడు. ఉల్కలలోని అతి పాత రేణువులు సుమారు 456.7 కోట్ల ఏళ్ళ నాటివని తరువాతి కొలతలు చూపాయి.

వాయువు, ధూళి నిండిన మేఘం నుండి సూర్యకుటుంబం ఏర్పడిందనే ఊహను కాంట్ 1755లోను, లాప్లాస్ 1796లోను వివరించారు. నేటి అవగాహనలో ఆ మేఘం కుంచించుకొని, తిరుగుతూ, పళ్ళెంవలె చదునైంది. నడుమ సూర్యుడు రూపొందాడు. వేడిగా ఉన్న లోపలి భాగంలో భూమి వంటి రాతి గ్రహాలు, దూరంగా చల్లని చోట గురుడు, శని వంటి పెద్ద గ్రహాలు ఏర్పడ్డాయి. గ్రహం కాలేక మిగిలిన శకలాలలో అనేకం అంగారక, గురు గ్రహాల నడుమ తిరుగుతున్నాయి. ఉల్కలలో అధికభాగం అక్కడివే.

ఆదికాండము మొదటి అధ్యాయం సూర్యచంద్రులను పేర్లతో పిలువక జ్యోతులని మాత్రమే అంటుంది. చుట్టూ ఉన్న జనాంగాలు దేవతలుగా పూజించినవాటిని అది సృష్టించబడినవాటి వరుసలో నిలిపింది. ఎవరు సృష్టించారన్నది ఆ అధ్యాయపు సందేశం. ఎన్ని కోట్ల ఏళ్ళన్నది దాని ప్రశ్న కాదు. ఆకాశాన్ని, భూమిని గూర్చి తెలియక మాట్లాడే విశ్వాసి వలన లేఖనమే నవ్వులపాలవుతుందని అగస్టీను ఐదవ శతాబ్దంలోనే హెచ్చరించాడు.

భూమికి పునాదులు వేసినప్పుడు నీవెక్కడున్నావని యోబు గ్రంథము 38వ అధ్యాయంలో దేవుడు అడుగుతాడు. ఆ ప్రశ్న శాస్త్రజ్ఞునికెంతో ప్రసంగికునికీ అంతే. అంచులోని అంకెను కాపాడబోయి వజ్రకరూరు యువకుని విశ్వాసాన్ని పోగొట్టడం కాపరితనం కాదు.