పది మీటర్లకు అరవై ఏళ్లు

2025 సెప్టెంబరులో చైనాలోని నింగ్బోలో షూటింగ్ ప్రపంచ కప్పు పోటీలు జరిగాయి. మహిళల పది మీటర్ల ఎయిర్ పిస్టల్ ఫైనల్లో హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 242.6 పాయింట్లతో స్వర్ణం గెలిచింది. రజతం దక్కిన చైనా అమ్మాయికి 242.5. పారిస్ ఒలింపిక్ విజేత, కొరియాకు చెందిన ఓ యెజిన్ మూడో స్థానంతో సరిపెట్టుకుంది. ఒకరిది పసిడి, మరొకరిది వెండి కావడానికి ఉన్న తేడా 0.1 పాయింటు. టార్గెట్ మీద కొలిస్తే అది 0.8 మిల్లీమీటరు, దాదాపు ఏటీఎం కార్డు మందం. ఇద్దరూ చెరి ఇరవై నాలుగు పెల్లెట్లు కాల్చాక మిగిలిన తేడా అంతే.

ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ మా ఏర్పేడు, శ్రీకాళహస్తి, రేణిగుంట వైపు తల్లిదండ్రుల నుంచి ఒకటే ప్రశ్న వస్తుంది. "మా పాప కూడా నేర్చుకుంటానంటా ఉంది. గురి తప్పని పిస్టల్ ఏదప్పా?" ఏదో ఒక కంపెనీ పేరు చెప్పి పంపేయవచ్చు. కానీ గురి తప్పని పిస్టల్ అంటే ఏమిటో తెలియాలంటే, అది ఎలా తయారయిందో తెలియాలి. ఆ కథ జర్మనీలో, యుద్ధంలో ఓడిపోయిన ఒక చిన్న ఊళ్లో మొదలవుతుంది.

నెకర్ నది ఒడ్డున ఓబెర్న్‌డోర్ఫ్ అనే ఊరుంది. మౌజర్ తుపాకుల కార్ఖానా అక్కడిదే. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఆ ప్రాంతం ఫ్రెంచి సేనల అధీనంలోకి వెళ్లింది. కార్ఖానాను విప్పేశారు. జర్మన్లు తుపాకులు చేయరాదన్నారు. పని పోయిన మౌజర్ ఇంజినీర్లు కార్ల్ వెస్టింగర్, ఎర్నెస్ట్ ఆల్టెన్‌బర్గర్ కలిసి 1949లో ఫైన్‌వెర్క్‌బౌ అనే సంస్థ పెట్టుకుని చిన్నచిన్న యంత్ర భాగాల పనితో పొట్టపోసుకున్నారు. తర్వాత ఆంక్షలు కొంత సడలాయి. మందుగుండు ఇంకా దూరమే గానీ, గాలి తుపాకీ చేసుకోవడానికి అడ్డు తొలగింది. యుద్ధ తుపాకులు చేసిన నిపుణుల చేతులన్నీ ఒక్కసారిగా ఆటవస్తువు లాంటి గాలి తుపాకీ మీద పడ్డాయి. తూర్పు జర్మనీలో కార్ఖానా పోగొట్టుకున్న వాల్తర్ కుటుంబం ఉల్మ్ నగరానికి వచ్చి స్థిరపడింది, అదీ గాలి పిస్టల్ చేసింది. ఆ ఎల్‌పీ 53 పిస్టల్‌ను జనం తెలియకుండానే చూశారు. జేమ్స్ బాండ్ సినిమా పోస్టర్ కోసం షాన్ కానరీ ఛాతీకి ఆనించి పట్టుకున్నది అదే!

ఆ రోజుల్లో గాలి పిస్టల్ అంటే స్ప్రింగు, పిస్టన్. బిగించి ఉన్న స్ప్రింగు వదిలితే బరువైన పిస్టన్ ముందుకు దూసుకెళ్లి గాలిని నొక్కుతుంది, ఆ గాలి పెల్లెట్‌ను తోస్తుంది. చిక్కంతా ఇక్కడే. పెల్లెట్ బారెల్ దాటే లోపలే పిస్టన్ అదురుకి పిస్టల్ మొత్తం కదిలిపోతుంది. శివరాత్రి బ్రహ్మోత్సవాలకు శ్రీకాళహస్తి వీధుల్లో బెలూన్లు కొట్టే అంగళ్లు వెలుస్తాయి కదా, అక్కడి తుపాకులు ఈ జాతివే. ట్రిగ్గరు నొక్కగానే భుజానికి తగిలే కుదుపు స్ప్రింగుది. దానికి తోడు అరిగిన బారెల్, ఒంగిపోయిన గురిచూసే సైటు. అయినా అంగడాయన గురిపెడితే బెలూను పేలుతుంది, ఎందుకంటే తన తుపాకీ ఎటు లాగుతుందో ఆయనకు తెలుసు.

ఆ అదురును అణచడానికి రెండు దారులు దొరికాయి. జర్మనీలోనే రాస్టాట్ అనే ఊళ్లోని డయానా కంపెనీ రెండు పిస్టన్లను ఎదురెదురుగా పరుగెత్తించి ఒకదాని అదురును మరొకదానితో కొట్టేసింది. ఫైన్‌వెర్క్‌బౌ వాళ్లు బారెల్‌నూ దాని యంత్రాంగాన్నీ చిన్న పట్టాల మీద కూర్చోబెట్టారు. పేల్చిన క్షణంలో ఆ భాగం పట్టాల మీద వెనక్కి జారుతుంది, గ్రిప్పు మాత్రం అరచేతిలో కదలకుండా ఉంటుంది. 1961లో రైఫిల్‌కి ఈ కిటుకు వాడి, 1965లో పిస్టల్‌కి తెచ్చారు. అదే మోడల్ 65. పక్కనున్న లివర్ లాగి స్ప్రింగు బిగించాలి. మూడు దశాబ్దాలకు పైగా ఆ నమూనా తయారవుతూ వచ్చింది. నేటికీ పాత పిస్టళ్ల సంతలో దానికి గిరాకీ తగ్గలేదు. నన్నడిగితే ఎయిర్ పిస్టల్ చరిత్రలో దీనికి మించిన మలుపు ఇంకోటి లేదు. తర్వాత వచ్చినవన్నీ, చేతికీ పెల్లెట్‌కీ మధ్య మిగిలిన కదలికను ఇంకాస్త, ఇంకాస్త తీసేయడమే.

1970లో పది మీటర్ల ఎయిర్ పిస్టల్ ప్రపంచ షూటింగ్ పోటీల్లో చేరింది. 1988 సియోల్‌లో ఒలింపిక్స్‌కి వచ్చింది. పురుషుల్లో బల్గేరియాకు చెందిన తాన్యు కిర్యాకోవ్, మహిళల్లో యుగోస్లావియాకు చెందిన యాస్నా షెకారిచ్ మొదటి విజేతలు. ఈలోగా స్ప్రింగు స్థానంలో లివర్‌తో ఒక్కసారి గాలి నొక్కి నింపే పిస్టళ్లు వచ్చాయి. అదురు లేదు గానీ పోటీలో అరవైసార్లు, సాధనలో అంతకు మించి లివర్ లాగాలి. దాంతో భుజం సడలిపోయేది. ఆ తర్వాత కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లు వచ్చాయి. యూరప్ హాళ్లలో బాగానే పనిచేశాయి. మన తిరుపతి ఎండల్లో మాత్రం ఆ వాయువు నమ్మదగింది కాదు. ఇరవై డిగ్రీల దగ్గర సిలిండర్‌లో ఒత్తిడి 57 బార్ల దాకా ఉంటుంది. 31 డిగ్రీలు దాటితే అది ద్రవంగానే నిలవదు, ఒత్తిడి ఎగబాకుతుంది. ఉదయం సరిచేసుకున్న సైటు మధ్యాహ్నానికి పనికిరాదు. అందుకే ఎవరైనా పాత కార్బన్ డయాక్సైడ్ పిస్టల్ చవగ్గా ఇస్తామన్నా, మన రాయలసీమలో దాని జోలికి పోవద్దనే చెబుతాను.

1990ల చివరికి మామూలు గాలినే 200 బార్ల ఒత్తిడితో నింపే సిలిండర్లు స్థిరపడ్డాయి. మధ్యలో ఉండే రెగ్యులేటర్ ప్రతి పెల్లెట్‌కీ ఒకే మోతాదు గాలి వదులుతుంది. ఆస్ట్రియా స్టేయర్, స్విట్జర్లాండ్ మోరిని, ఇటలీ పార్దిని, జర్మనీ వాల్తర్, ఫైన్‌వెర్క్‌బౌ, నేడు ప్రపంచ స్థాయి రేంజుల్లో ఎక్కువగా కనిపించేవి ఇవే. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే పెట్టెలో ఒక చిన్న కార్డు ఉంటుంది. పిస్టల్‌ను బిగించి, వరసగా కాల్చి చూసిన కార్డు. పెల్లెట్లన్నీ ఒకే చిరుగులోంచి వెళ్లినట్టుంటాయి. పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, పెల్లెట్ 4.5. అంటే ఈ స్థాయి పిస్టళ్లలో ఏది తీసుకున్నా బారెల్ గురి తప్పదు.

మరి గురి తప్పేదెక్కడ? ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య దూరం సుమారు 32 సెంటీమీటర్లు అనుకుందాం. చెయ్యి మొత్తం అయిదు మిల్లీమీటర్లు పక్కకు ఊగినా పెల్లెట్ అయిదు మిల్లీమీటర్లే జరుగుతుంది, పది దాటి పోకపోవచ్చు. అదే మణికట్టు ఒంగి ముందు సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగిందంటే, పది మీటర్ల దూరంలో తేడా మూడు సెంటీమీటర్లు దాటుతుంది. వలయానికీ వలయానికీ ఎడం ఎనిమిది మిల్లీమీటర్లు. నాలుగు పాయింట్లు గల్లంతు! చేతి వణుకు కంటే మణికట్టు వంపే అసలు శత్రువు. మణికట్టును నిలిపేది గ్రిప్పు, దాన్ని వంచేది ట్రిగ్గరు. కొనేటప్పుడు మన కళ్లు బారెల్ మీద కాక ఈ రెండింటి మీద ఉండాలి.

గ్రిప్పు సరిపోయిందో లేదో చూడటానికి తూనికలూ కొలతలూ అక్కర్లేదు. ఖాళీ పిస్టల్ పట్టుకుని, టార్గెట్‌కి పక్కగా నిలబడి, కళ్లు మూసుకుని చెయ్యి ఎత్తాలి. ఊపిరి వదిలి, చెయ్యి నిలిచాక కళ్లు తెరవాలి. ముందు సైటు వెనక సైటు గాడిలో నడిమధ్యన, రెండు పక్కలా సమానమైన వెలుగుతో నిలబడి ఉంటే ఆ గ్రిప్పు మీది. ఒక పక్కకు వాలి ఉంటే, మీరు ప్రతి షాట్‌కీ మణికట్టుతో దాన్ని సరిచేస్తూ పోతారు. అరవై షాట్లలో ఎక్కడో ఒకచోట ఆ దిద్దుబాటు మరిచిపోతారు. గ్రిప్పులు చిన్న, మధ్య, పెద్ద సైజుల్లో, కుడి ఎడమ చేతులకు విడివిడిగా దొరుకుతాయి. అరచేతి కింది పలకను పైకీ కిందికీ జరపవచ్చు. అనుభవమున్న షూటర్లు కలప గ్రిప్పును ఆకురాయితో రాసి, ఎత్తు కావలసిన చోట పుట్టీ పెట్టి తమ చేతికి అమర్చుకుంటారు. మణికట్టుకు మాత్రం ఆధారం ఉండరాదని నియమం.

ట్రిగ్గరుకి కనీసం 500 గ్రాముల లాగుడు ఉండాలి. పోటీకి ముందు బరువు వేలాడదీసి పరీక్షిస్తారు. మొత్తం పిస్టల్ 1500 గ్రాములు మించరాదు, 420, 200, 50 మిల్లీమీటర్ల కొలతల పెట్టెలో పట్టాలి. ఒంటిచేత్తో కాల్చాలి. ఎక్కువ పిస్టళ్లు కిలోకు అటూ ఇటూగా ఉంటాయి. గంటకు పైగా ఆ బరువును చాచిన చేత్తో ఎత్తుతూ దించుతూ ఉండాలి కనుక, పన్నెండేళ్ల పిల్లకు పెద్దల పిస్టల్ కొనిస్తే ముందు దెబ్బతినేది భుజం. బారెల్ పొట్టిగా ఉండే కాంపాక్ట్ నమూనాలు వచ్చింది ఇందుకే.

ఎలక్ట్రానిక్ ట్రిగ్గరు గొప్పదా, మెకానికల్ ట్రిగ్గరు గొప్పదా అన్న వాదన తెగదు. ఎలక్ట్రానిక్ ట్రిగ్గరు తీరు ప్రతిసారీ ఒకేలా ఉంటుంది, నిజమే. కానీ యంత్రం ఎంత సున్నితమైతే, మొరాయించినప్పుడు అంత ఇబ్బంది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో భారత షూటర్ మను భాకర్ పిస్టల్ పోటీ మధ్యలో మొరాయించింది. బాగుచేయించుకుని వచ్చేసరికి విలువైన నిమిషాలు కరిగిపోయాయి. 575 పాయింట్లతో పన్నెండో స్థానం, రెండు పాయింట్లతో ఫైనల్ చేజారింది. మూడేళ్లకు పారిస్‌లో ఆమే రెండు కాంస్యాలు గెలిచింది. రిపేరు చేసే మనిషి, విడిభాగాలు ఎక్కడున్నాయో తెలుసుకోకుండా ఏ పిస్టలూ కొనకూడదని నేను గట్టిగా చెప్పడానికి టోక్యో చాలు. చెన్నైకో హైదరాబాదుకో పంపి నెలరోజులు ఎదురుచూసే పిస్టల్, ఎంత గొప్పదైనా, ఆ నెల పిల్లవాడి చేతిలో లేనట్టే.

కొత్తదే కావాలి, ఖరీదైనదే కావాలి అనేవాళ్లకు ఒక లెక్క చెప్పాలి. 1989లో మ్యూనిక్‌లో సోవియట్ షూటర్ సెర్గీ పిజ్యానోవ్ 600కి 593 కొట్టాడు. ఆ తర్వాత సిలిండర్లు మారాయి, రెగ్యులేటర్లు వచ్చాయి, అదురును మింగే స్టెబిలైజర్లు వచ్చాయి. అయినా ఆ రికార్డు ఇరవై ఏళ్లు నిలిచింది. 2009లో కొరియాకు చెందిన జిన్ జోంగ్‌ఓ దాన్ని దాటాడు, 594తో. ఇరవై ఏళ్ల సాంకేతికత కలిపింది ఒక్క పాయింటు.

మన తెలుగు నేల మీద ఈ ఆట పెరిగిన తీరూ అదే చెబుతుంది. షూటర్ గగన్ నారంగ్ రెండేళ్ల వయసులో చెన్నై మెరీనా తీరంలో బొమ్మ పిస్టల్‌తో బెలూన్ కొట్టాడన్నది వాళ్లింట్లో చెప్పుకునే ముచ్చట. 1997లో తండ్రి ఒక ఎయిర్ పిస్టల్ కానుకగా ఇస్తే, హైదరాబాదు బేగంపేటలో ఇంటి పెరట్లోనే సాధన చేశాడు. తర్వాత రైఫిల్‌కి మారాడు. ఆ రైఫిల్ కోసం కుటుంబం స్థలం అమ్ముకుంది. 2003లో హైదరాబాదులోనే జరిగిన ఆఫ్రో ఏషియన్ క్రీడల్లో స్వర్ణం, 2012 లండన్‌లో ఒలింపిక్ కాంస్యం. 2002 జాతీయ క్రీడల కోసం హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో కట్టిన రేంజ్ ఆ నగరానికి ఈ ఆటను అలవాటు చేసింది. ఈషా తొమ్మిదేళ్లప్పుడు గచ్చిబౌలిలో మొదటిసారి పిస్టల్ చూసింది. ర్యాలీ డ్రైవరైన తండ్రి సచిన్ సింగ్ ఇంటి దగ్గరే కాగితపు టార్గెట్లతో రేంజ్ ఏర్పాటు చేశాడు. 2018లో తిరువనంతపురం జాతీయ పోటీల్లో, పదమూడేళ్లకే, మను భాకర్‌ని, హీనా సిద్ధూని దాటి సీనియర్ చాంపియన్ అయింది. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల నుంచి నాలుగు పతకాలతో తిరిగొచ్చింది. గుంటూరు కుర్రాడు ముకేశ్ నేలవల్లి 2024లో లిమా జూనియర్ ప్రపంచ పోటీల్లో పతకాలు గెలిచాడు.

పెరడు, ఇల్లు, పది మీటర్ల నిడివి. నన్ను కదిలించేది అదే. ఈ ఆటకు మైదానం అక్కర్లేదు, బలమైన వెనక గోడ, అడ్డంగా ఎవరూ రాని వరండా, మంచి వెలుతురు చాలు. ఐఐటీ, ఐసర్ రెండూ ఉన్న మండలం మాది. శ్రీకాళహస్తి నుంచి పుత్తూరు దాకా హైస్కూళ్లు, డిగ్రీ కాలేజీలు ఎన్నో. ప్రతి నాలుగైదు బడులకు ఒక పది మీటర్ల గది, రెండు మంచి పిస్టళ్లు, నేర్పే మనిషి ఉంటే, లక్షలు పోసి కొనాల్సిన భారం ఒక్క ఇంటి మీద పడదు. దాని కోసం జిల్లా క్రీడా అధికారుల్ని, పంచాయతీల్ని అడగాలి, అడుగుతూనే ఉండాలి. పిల్లలు ముందు అక్కడి పిస్టల్‌తో ఒక ఏడాది కాల్చి, చేతి కొలత కుదిరాక సొంతది కొనడం మేలు.

కొనే రోజు వచ్చినప్పుడు రెండు మాటలు. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 4.5 మిల్లీమీటర్లు మించని బారెల్, 20 జౌళ్లు మించని శక్తి ఉన్న గాలి తుపాకీకి లైసెన్సు అక్కర్లేదు. పోటీ పిస్టల్ పెల్లెట్ సెకనుకు 150 మీటర్ల వేగంతో, ఆరు జౌళ్ల లోపు శక్తితోనే వెళుతుంది. అంత మాత్రాన ఆటవస్తువు కాదు, కన్ను తీయగలదు. దాంతో పిట్టల్ని కొట్టేవాళ్లకు వన్యప్రాణి చట్టం ఉంది.

చేయి మారిన పిస్టల్ కొనేవాళ్లు గ్రిప్పు, ట్రిగ్గరు చూశాక సిలిండర్ విప్పి దాని మీద అచ్చువేసిన తేదీ చదవండి. సాధారణంగా పదేళ్లు దాటిన సిలిండర్‌ను వాడరాదని తయారీదారులే చెబుతారు, పోటీల్లోనూ తేదీ చూస్తారు. 200 బార్ల గాలి అంటే మాటలు కాదు. తేదీ దాటి ఉంటే కొత్త సిలిండర్ ధర ముందే తీసేసి బేరమాడండి. నింపే పంపు, ఒత్తిడి చూపే మీటరు, ఫ్యాక్టరీ ఇచ్చిన కార్డు అడిగి తీసుకోండి. రెండు మూడు రకాల పెల్లెట్ డబ్బాలు వెంట పట్టుకెళ్లి, పిస్టల్‌ను బల్ల మీద ఆనించి, ఒక్కో రకం అయిదేసి కాల్చి చూడండి. ఒకే చిరుగు పడిన రకం పేరు రాసుకుని, ఆ పెల్లెట్లనే ఏడాదికి సరిపడా తెచ్చుకోండి.