తేదీ లేని చుక్క

మందమర్రిలో పెరిగిన నాకు పటం అంటే ముందు గని ప్లానే గుర్తొస్తుంది. భూమి కింద తవ్వకం ఎక్కడిదాకా పోయిందో సర్వేయర్ గీసి, పక్కన తేదీ వేస్తాడు. తవ్వేకొద్దీ బొగ్గు గోడ జరుగుతూనే ఉంటుంది కదా, తేదీ లేకపోతే ఆ గీతని నమ్మలేం. 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్ళు విరుచుకుపడి 17 మంది చనిపోయారు. ఏది ఎక్కడుందో సరిగ్గా తెలియడం మా బెల్టులో ప్రాణంతో సమానం.

ఆకాశం పటానికీ తేదీ కావాలి. భూమి అక్షం బొంగరంలా తూలుతుంది కాబట్టి, మనం కొలతలు మొదలుపెట్టే విషువద్బిందువే సుమారు 72 ఏళ్ళకి ఒక డిగ్రీ జరుగుతుంది. దానికి తోడు ప్రతి నక్షత్రానికీ సొంత నడక ఉంది. అందుకే కేటలాగ్‌కి రెండు తేదీలు: కొలత గళ్ళు ఏ ఏటివి, నక్షత్రాన్ని చూసింది ఎప్పుడు.

ఈ లెక్కలో హైదరాబాద్‌కీ వాటా ఉంది. ఆకాశమంతా ఫొటోలు తీసి కొలవాలని 1887లో పారిస్‌లో నిర్ణయించి, వేధశాలలు దాన్ని పట్టీలుగా పంచుకున్నాయి. చిలీలోని శాంటియాగో వదిలేసిన మైనస్ 17 నుంచి మైనస్ 23 డిగ్రీల పట్టీ నిజామియా వేధశాలకి వచ్చింది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో మొదలుపెట్టిన ఆ వేధశాల 1908లో నిజాం సర్కారు చేతికొచ్చింది. చాట్‌వుడ్, పోకాక్, తర్వాత భాస్కరన్ దాన్ని నడిపారు. 8 అంగుళాల టెలిస్కోప్‌తో 1914 నుంచి ప్లేట్లు తీశారు; 1917లో తొలి సంపుటం వచ్చింది.

తమాషా ఏంటంటే, సర్కారు కాగితాల మీద ఆ 1914 ఫసలీ 1323-24. కేటలాగ్ గళ్ళు మాత్రం 1900.0వి. అప్పట్లో ఖగోళవేత్తలు వాడింది బెస్సెల్ సంవత్సరం: సగటు సూర్యుడి రేఖాంశం 280 డిగ్రీలకి చేరగానే మొదలు, నిడివి దాదాపు 365.2422 రోజులు. 1984 నుంచి సరిగ్గా 365.25 రోజుల జూలియన్ సంవత్సరానికి మారారు. ఇప్పటి ప్రమాణం జే2000.0, అంటే 2000 జనవరి 1 మధ్యాహ్నం 12 గంటలు.

మరి పాత ప్లేట్లు పనికిరానివయ్యాయా? లేదు. హిప్పార్కస్ ఉపగ్రహం చూపిన స్థానాలు 1991.25 నాటివి. అవి ఎంత కచ్చితమైనా, నక్షత్రం నడక బాగా తేలాలంటే దశాబ్దాల వెనకటి స్థానం కూడా ఉండాలి. 2000లో వచ్చిన టైకో-2 కేటలాగ్ దాదాపు 25 లక్షల నక్షత్రాల నడకని లెక్కగట్టింది, హైదరాబాద్ కొలతలు కూడా కలుపుకుని. ఎంత గొప్ప ఉపగ్రహమైనా 1914 నాటి రాత్రిని మళ్ళీ ఫొటో తియ్యలేదు.