గోడ మీది పెద్దమనిషి, హైదరాబాదు పోలీసు జట్టు

చాలాకాలంగా రాయాలనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చిన టపా ఇది. ఆటల చరిత్ర రాసే అర్హత నాకుందని కాదు. ఒక పెద్దమనిషిని అడగవలసిన నాలుగు ప్రశ్నలు అడగకుండా వదిలేసిన అపరాధభావం ఏళ్ల తరబడి వెంటాడుతున్నందువల్ల, ఆయన చెప్పినంత మేరకైనా, ఆ తరువాత నేను చదివి తెలుసుకున్నంత మేరకైనా ఇక్కడ పెట్టదలచుకున్నాను.

1990ల తొలినాళ్లలో సికింద్రాబాదులో మా కాలనీకి ఒక ఫుట్‌బాల్ జట్టు ఉండేది. జట్టు అనడం మర్యాద కోసం. పదకొండుమందీ చేరిన ఆదివారం మాకు పండుగతో సమానం. వానలు వెనుకబట్టాక మొదలై, పరీక్షల భయం పట్టుకునే ఫిబ్రవరితో మా సీజను ముగిసేది. చందాలు వేసుకొని కొన్న బంతి ఒక్కటే ఉండేది. దాని కుట్లు ఊడినప్పుడల్లా వీధి చివర చెప్పులు కుట్టే ఆయన దగ్గరకు పరుగెత్తేవాళ్లం. గోలు స్తంభాలకు బదులు ఇటుకలు పేర్చుకునేవాళ్లం. బంతి ఇటుకల పైనుంచి వెళ్లిందా, లోపలినుంచి వెళ్లిందా అన్న తగాదాతోనే సగం పొద్దు గడిచిపోయేది. చుట్టుపక్కల బస్తీల కుర్రవాళ్లు మాకు ప్రత్యర్థులు. నాకు బాగా గుర్తున్న ఆ ఒక్క సీజనులో మేము గెలిచినవి రెండే ఆటలు.

మైదానం అంచున కూలిన ప్రహరీ గోడ ఒకటుండేది. దాని మీద ప్రతి ఆదివారమూ ఒక వృద్ధుడు వచ్చి కూర్చునేవాడు. తెల్లని లాల్చీ, చేతిలో గొడుగు. పోలీసుశాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడని మాత్రం మాకు తెలుసు. మేమందరమూ చాచా అని పిలిచేవాళ్లం. చాలాసేపు మౌనంగా చూసేవాడు. మాలో ఎవడైనా బంతిని కాళ్ల మధ్య తిప్పుతూ ముగ్గురిని దాటి నాలుగోవాడికి అప్పగించాడంటే మాత్రం ఆయనకు సహించేది కాదు.

“ఏం బాబూ, బంతి నీ జాగీరా? జల్ది ఇడువు!” అని గోడ మీదినుంచే కేక వేసేవాడు.

ఒకరోజు ఆట అయ్యాక మమ్మల్ని దగ్గరకు పిలిచి, “రహీం సాబ్ అయితే మిమ్మల్ని డ్రిబ్లింగ్ చేయనిచ్చేటోడే కాదు. ముట్టుకున్నవా, ఇచ్చినవా, అంతే” అన్నాడు. రహీం సాబ్ ఎవరని మాలో ఎవరూ అడగలేదు. ఎవరో పాత ఇన్‌స్పెక్టరు కాబోలు అనుకున్నాం.

ఆ రహీం సాబ్ ఎవరో తెలియడానికి నాకు ఇంకో పదిహేనేళ్లు పట్టింది.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాదులో పుట్టాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివాడు, దాని జట్టుకు ఆడాడు. ఆ తరువాత ఖమర్ క్లబ్బు వంటి స్థానిక జట్లలో పేరు తెచ్చుకున్నాడు. వృత్తిచేత బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పిల్లలకు పాఠాలు చెప్పినవాడు. 1940లలో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. ఆపైన హైదరాబాదు సిటీ పోలీసు జట్టును దిద్దే బాధ్యత ఆయన చేతికి వచ్చి, 1963లో మరణించేవరకూ ఆయనతోనే ఉండిపోయింది.

ఇక్కడ ఒక్క విషయం స్పష్టంగా చెప్పుకోవాలి. ఆ రోజుల్లో మన దేశంలో ఫుట్‌బాల్ ఆడినందుకు జీతమంటూ లేదు. జీతం ఉద్యోగానిది, ఆట అదనం. సిటీ పోలీసు జట్టులోని వారు ఖాకీ బట్టలు వేసుకున్న ఉద్యోగులు. నేటి అర్థంలో చెప్పాలంటే అది ఒక ఊరి ఔత్సాహిక జట్టు. అటువంటి జట్టు దేశంలోని పెద్ద పోటీలకు వెళ్లి, కలకత్తా మహామహులను ఓడించి కప్పులు మోసుకొచ్చింది.

ఆ పెద్ద పోటీలలో ముఖ్యమైనవి రెండు. 1888లో సిమ్లాలో మొదలై, తరువాత ఢిల్లీకి తరలిన డ్యూరాండ్ కప్పు ఒకటి. 1891లో బొంబాయిలో మొదలైన రోవర్స్ కప్పు రెండవది. రెండూ బ్రిటిషు సైనికదళాల కాలక్షేపం కోసం పుట్టినవే. యుద్ధం వల్లా, ఆ తరువాతి కల్లోలం వల్లా 1940 తరువాత డ్యూరాండ్ నిలిచిపోయింది. మళ్లీ జరిగింది 1950లో. అంటే స్వతంత్ర భారతదేశంలో జరిగిన మొట్టమొదటి డ్యూరాండ్ అది. ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించి ఆ కప్పు గెలిచిన జట్టు హైదరాబాదు సిటీ పోలీసు. అదే ఏడు బొంబాయిలో రోవర్స్ కప్పు కూడా వారిదే.

ఆ సంవత్సరాన్ని ఒక్కసారి తలచుకోండి. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది. ఆ రోజులలో ఈ నేల మీద ఎంత రక్తం పారిందో, ఎన్ని కుటుంబాలు చెదరిపోయాయో చదువరులకు నేను చెప్పనక్కరలేదు. పోలీసు అన్న మాట వింటేనే ఒక్కొక్కరికి ఒక్కొక్క గాయం గుర్తుకొచ్చే కాలమది. సుమారు రెండేళ్లకే ఆ ఊరి పోలీసు జట్టు, ఎక్కువభాగం పాతబస్తీ ముస్లిం యువకులతో నిండిన జట్టు, కొత్త దేశపు రాజధానిలో కప్పెత్తింది. మన చరిత్ర పుస్తకాల్లో 1948 తరువాత ఒక్క గెంతులో 1956కు వచ్చేస్తాం. ఆ నడిమి పేజీల్లో ఈ సంగతికి ఒక వాక్యమైనా ఉండవలసింది.

1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు సిటీ పోలీసుదే. 1954లో డ్యూరాండ్ కూడా రెండోసారి గెలిచారు. 1957లో మూడోసారి. ఆంధ్రప్రదేశ్ పోలీసుగా పేరు మారాక 1961లో మరోసారి. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాదు రాష్ట్రపు పేరుతో 1956-57లోనూ, 1957-58లోనూ గెలుచుకున్నారు.

ఇన్ని విజయాల వెనుక ఉన్న పద్ధతి ఏమిటని వెదికితే, నాకు కనిపించింది బడిపంతులి పద్ధతే. అక్షరాలు దిద్దించినట్టు ఆట దిద్దించాడాయన. డ్రిబ్లింగ్ నిషేధించి పోటీలు పెట్టాడు. బంతిని ఒక్కసారి మాత్రమే తాకి వదిలేయాలన్న నియమంతో ఆడించాడు. కుడికాలి ఆటగాడు ఎడమకాలితోనే ఆడవలసిన పోటీలు నిర్వహించాడు. ఇవన్నీ ఊళ్లోని కుర్రవాళ్ల కోసం జరిగిన చిన్న చిన్న పోటీలు. ఎడమకాలి పోటీలో పదిమంది నవ్వుల మధ్య తడబడిన కుర్రవాడు, నాలుగేళ్ల తరువాత ఢిల్లీలో అదే ఎడమకాలితో పాసు ఇవ్వగలిగేవాడు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడింది. మనవారిలో చాలామంది వట్టికాళ్లతో ఆడారు. అక్కడ రహీం హంగరీవారి ఆటను గమనించాడు. తిరిగి వచ్చాక ముందువరుస నడిమి ఆటగాణ్ణి కాస్త వెనక్కి జరిపి ఆడించే పద్ధతిని మన జట్టులోనూ ప్రయత్నించాడు. ఓటమిని తిట్టుకుంటూ కూర్చోకుండా గెలిచినవాడి నోటుపుస్తకం చూసి రాసుకోవడం కూడా బడిపంతులి గుణమే.

కప్పుల కంటే నన్ను ఎక్కువగా కదిలించినది ఒక సైకిలు కథ.

తులసీదాస్ బలరాం 1936లో సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడలో పేద తమిళ కుటుంబంలో పుట్టాడు. బూట్లు కొనే స్తోమతు లేదు. పాత పోలీసు బూట్లు సంపాదించి, వాటిని ఫుట్‌బాల్ బూట్లుగా కుట్టించుకొని ఆడాడట. రహీం దృష్టి అతని మీద పడింది. శిక్షణకు హైదరాబాదు రమ్మన్నాడు. అమ్ముగూడ నుంచి రోజూ రావడమెలా? అద్దె సైకిలుకు డబ్బులు లేవని కుర్రవాడు చెప్పుకున్నాడు. రోజుకు రూపాయి చొప్పున ఆ అద్దె తానే ఇస్తానని రహీం ఒప్పించాడు. బలరామే పెద్దయ్యాక చెప్పుకున్న సంగతి ఇది. ఆ కుర్రవాడు సిటీ పోలీసుకు ఆడాడు. 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో దేశానికి ఆడాడు.

పీటర్ తంగరాజ్ కథ కూడా ఇటువంటిదే. హైదరాబాదులో పుట్టి, సికింద్రాబాదులోని మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ అనే స్థానిక క్లబ్బుల్లో ఆడి, తరువాత సైన్యంలో చేరి దేశపు గోలుకీపరు అయ్యాడు. ఆ క్లబ్బుల పేర్లు చూడండి. ఉదయం ఆడుకునే మిత్రులు పెట్టుకున్న పేర్లలా లేవూ? మా కాలనీ జట్టుకు కూడా అటువంటి పేరే ఉండేది.

రహీం శిక్షణలో భారతజట్టు 1951 ఢిల్లీ ఏషియన్ క్రీడల్లో స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మొహమ్మద్, అహ్మద్ హుసేన్, జుల్ఫికారుద్దీన్, బలరాం వంటి మన ఊరివాళ్లు పలువురున్నారు. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి రెండో ఏషియన్ స్వర్ణం తెచ్చారు. ఆ ఫైనల్లో గోలు ముందు తంగరాజ్ నిలిచాడు, ముందువరుసలో బలరాం ఆడాడు. అప్పటికే క్యాన్సరుతో ఉన్న రహీం 1963 జూన్‌లో మరణించాడు. ఏషియన్ క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు ఆ తరువాత మళ్లీ స్వర్ణం రాలేదు.

ఎందుకు ఆగిపోయింది? రహీం పోయాడు కనుక అన్నది సులభమైన జవాబు. క్రికెట్ మింగేసింది అన్నది ఇంకా సులభమైన జవాబు. కలకత్తా క్లబ్బుల ఆకర్షణ కూడా ఉంది. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయాడు. ఇవన్నీ నిజమే. అయినా నా ఆలోచన మరోవైపు పోతుంది. సిటీ పోలీసు జట్టు ఆకాశంనుంచి ఊడిపడలేదు. దాని కింద ఖమర్ క్లబ్బు ఉంది, మార్నింగ్ స్టార్ ఉంది, ఎడమకాలి పోటీలున్నాయి, బడి విడిచాక ఆడుకునే జాగాలున్నాయి. పై అంతస్తు కప్పులన్నీ ఈ కింది అంతస్తు మీద నిలిచినవే. మేము ఆడుకున్న ఆ మైదానంలో ఇప్పుడు మూడు అపార్ట్‌మెంట్లున్నాయి. ఊళ్లో అటువంటివి ఎన్ని మాయమయ్యాయో మీమీ వీధుల్లో మీరే లెక్కపెట్టుకోగలరు. 2019లో పుట్టిన హైదరాబాదు ఎఫ్.సి. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచినప్పుడు నాకూ సంతోషమే కలిగింది. కానీ అది డబ్బుపెట్టి పైనుంచి కట్టిన ఇల్లు. కింది అంతస్తు లోటును అది తీర్చలేదు.

ఇంకొక మాట చెప్పడానికి కొంచెం సంకోచిస్తున్నాను. ఈ ఆటగాళ్లలో అధికులు ఇంట్లో ఉర్దూ మాట్లాడినవారు. బలరాం, తంగరాజ్ తమిళులు. అందుకేనేమో, తెలుగులో మన క్రీడాకారుల గురించి రాసుకున్నప్పుడు కోడి రామ్మూర్తి నుంచి సి.కె. నాయుడు వరకు అందరినీ గర్వంగా తలచుకుంటాం గాని, వీరి దగ్గరకు వచ్చేసరికి మన కలం ఆగిపోతుంది. 2024లో రహీం మీద ‘మైదాన్’ అనే హిందీ చిత్రం వచ్చింది. అది చూసి మన పిల్లలు, “ఈయన మన హైదరాబాదు ఆయనా?” అని ఆశ్చర్యపోయారు. మన ఊరి పంతులుగారిని మనకు బొంబాయివారు పరిచయం చేయవలసి వచ్చింది. ఇంట్లో మాట్లాడే భాష వేరైనంత మాత్రాన పక్కవీధి మనిషి మన చరిత్రకు పరాయివాడైపోతాడా?

మళ్లీ చాచా దగ్గరకు వస్తాను. ఆ సీజను చివరి ఆటలో మేము ఓడిపోయాం. కానీ ఆటలో ఒక్కసారి, ఎలా కుదిరిందో గాని, నలుగురం ఒక్కొక్క తాకుతో బంతిని అందించుకుంటూ పోయి ఇటుకల మధ్యకు కొట్టేశాం. వెనక్కి తిరిగి చూస్తే చాచా గోడ మీద లేచి నిలబడి ఉన్నాడు. గొడుగు చంకలో పెట్టుకొని చప్పట్లు కొడుతున్నాడు. తరువాతి ఏడు వానలు తగ్గి మేము మళ్లీ ఆట మొదలుపెట్టేసరికి ఆయన రాలేదు. రెండు మూడు ఆదివారాలు చూశాం. ఎక్కడ ఉంటాడో కనుక్కుందామని ఎవరో అన్నారు. ఎవరమూ వెళ్లలేదు.

ఆయన ఏ శాఖలో, ఏ సంవత్సరాల్లో పనిచేశాడు? జట్టులో ఆడాడా, లేక బందోబస్తుకు నిలబడి ఆట చూసినవాడా? రహీంతో ఎప్పుడైనా మాట్లాడాడా? ఆయన పేరేమిటి? ఇవే నేను అడగని నాలుగు ప్రశ్నలు. పాత జట్ల ఫోటోలు ఎక్కడ కనబడినా, వెనుకవరుసలో పేరు రాయని ముఖాల్లో ఆయన కోసం వెదుకుతూ ఉంటాను.

ఇది చదివే మిత్రుల ఇళ్లలో, వీధుల్లో ఆ కాలపు ఆటలు చూసిన వృద్ధులు ఇంకా ఉండవచ్చు. ఎనభై దాటి ఉంటారు. ఈ ఆదివారం వెళ్లి ఒక గంట కూర్చోండి. వారు చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టండి. ముందుగా పేరు అడగండి.