జీపు ప్రొపెల్లర్ షాఫ్ట్: పోయి తిరిగొచ్చిన ఫిక్స్‌డ్ యోక్

రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ జీపు కిందికి దూరి చూస్తే గేర్‌బాక్సు వెనక ఇంకో పెట్టె కనిపిస్తుంది. ఇంజను శక్తిని ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ అదే. స్పైసర్ కంపెనీ మోడల్ 18 అన్న పేరుతో చేసిన ఆ పెట్టెలోంచి బయటికొచ్చే షాఫ్టు కొసకు ఒక ఇనుప పంగను నట్టుతో బిగించారు. ఆ పంగే యోక్. అది అటూ ఇటూ జరగదు. బండి గుంతలో పడి లేచినప్పుడల్లా పెట్టెకూ ఇరుసుకూ మధ్య దూరం మారుతుంది. ఆ తేడాను, ఆ రెంటినీ కలిపే ప్రొపెల్లర్ షాఫ్టే తనలో తాను సాగి, కురచై సర్దుకునేది. 1947లో బొంబాయిలో మహీంద్రా వాళ్లు విల్లీస్ జీపుల్ని బిగించడం మొదలుపెట్టాక మన దేశంలో దశాబ్దాలపాటు తిరిగిన పాత జీపుల్లోనూ ఇదే ఏర్పాటు.

1980ల్లో అమెరికాలో జీపు తయారీదారులు ఈ బిగింపు యోక్‌ను వదిలేసి, జారే యోక్ (స్లిప్ యోక్) పెట్టారు. తర్వాత ఆ బండ్లు కొన్నవాళ్లే ట్రాన్స్‌ఫర్ కేసులు విప్పి, షాఫ్టులు మార్చి, బిగింపు యోక్‌ను మళ్లీ తెచ్చుకున్నారు. ఆ మార్పు పేరు స్లిప్ యోక్ ఎలిమినేటర్. ముద్దుగా ఎస్‌వైఇ అంటారు.

వాళ్లను ఆ పనికి పురిగొల్పిన వణుకు అసలు ప్రొపెల్లర్ షాఫ్టు కొసల్లో ఉండే క్రాస్ జాయింట్‌తో పుట్టింది. ఒకే వరుసలో లేని రెండు షాఫ్టుల్ని కలిపి తిప్పే ఈ కీలుకు 16వ శతాబ్దపు ఇటలీ పండితుడు కార్డానో పేరు అంటుకుంది. అయితే దాని స్వభావాన్ని లోతుగా పట్టుకున్నది ఇంగ్లండు శాస్త్రవేత్త రాబర్ట్ హుక్. 1670ల్లో ఖగోళ పరికరాల కోసం దీన్ని వాడుతూ, వంగి ఉన్న కీలు ఒక వైపు నిలకడగా తిరిగినా రెండో వైపు నిలకడగా తిరగదని ఆయన గమనించాడు. నీడ గడియారంలో నీడ గంటగంటకూ ఒకే కొలతలో జరగదు కదా, ఆ అసమానత కూడా ఇదే లెక్కకు లొంగుతుందని చూపించాడు. రెండు కీళ్లను సరైన తీరులో జతచేస్తే మొదటిది చేసిన తేడాను రెండోది కొట్టేస్తుందనీ చెప్పాడు. మోటారు బండ్లకు ఈ కీలును అమర్చే పని కార్నెల్ విశ్వవిద్యాలయంలో చదువుకున్న క్లారెన్స్ స్పైసర్ చేశాడు. 1903లో పేటెంటు పొందాడు. గొలుసులతో నడిచే కార్ల కాలం దాంతో ముగింపుకొచ్చింది. జీపు పెట్టె మీద ఉన్న స్పైసర్ పేరు ఆయనదే.

హుక్ చెప్పిన తేడా ఎంతో అంకెల్లో చూడాలి. కోణం 3 డిగ్రీలైతే వేగంలో హెచ్చుతగ్గు 0.14 శాతమే, ఎవరికీ తెలియదు. 20 డిగ్రీలైతే షాఫ్టు ప్రతి చుట్టులోనూ రెండుసార్లు సుమారు 6 శాతం వేగం పుంజుకుంటుంది, రెండుసార్లు అంతే మందగిస్తుంది. నిమిషానికి 3000 చుట్లు తిరిగే షాఫ్టులో ఇది సెకనుకు 100 సార్లు జరుగుతుంది. వెనక కీలు ఆ తేడాను కొట్టేసి ఇరుసుకు నిలకడైన వేగాన్నే అందించినా, మధ్యలో ఉన్న ఉక్కు గొట్టం మాత్రం కుదుపులకు లోనవుతూనే ఉంటుంది. సీటు కింద తెలిసే వణుకు అదే.

ఇప్పుడు 1988 నాటి జీపు ర్యాంగ్లర్‌కు వద్దాం. దాని ట్రాన్స్‌ఫర్ కేస్ ఎన్‌పి231. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో న్యూ ప్రాసెస్ గేర్ కంపెనీ చేసేది. అల్యూమినియం పెట్టె, లోపల చెయిన్, 2.72 నిష్పత్తితో లో గేర్. తేలికైనది, నమ్మకమైనది. ఒక్క చోట మాత్రం కార్ల పద్ధతి పాటించారు. యోక్‌ను బిగించకుండా, పొడుగాటి అవుట్‌పుట్ షాఫ్టు పళ్ల మీద ముందుకూ వెనక్కూ జారేలా తొడిగారు. భాగాలు తగ్గాయి, ఖర్చూ తగ్గింది. ఫ్యాక్టరీ ఇచ్చిన ఎత్తులో, తారు రోడ్డు మీద తిరిగే బండికి ఇందులో లోపమేమీ లేదు.

కానీ జీపు కొన్నవాళ్లలో చాలామంది దాన్ని కాలిఫోర్నియాలోని రూబికాన్ దారికీ, యూటాలోని మోయాబ్ రాళ్ల మీదికీ తీసుకెళ్లారు. పెద్ద టైర్ల కోసం బండిని నాలుగు అంగుళాలు పైకి లేపారు. ఛాసిస్‌తో పాటు ట్రాన్స్‌ఫర్ కేస్ పైకి పోయింది, ఇరుసు కిందే ఉండిపోయింది. 1997 మోడల్‌గా వచ్చిన టీజే ర్యాంగ్లర్ వీల్‌బేస్ 93.4 అంగుళాలే. ఇంజను, గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేస్ పోగా వెనక షాఫ్టుకు మిగిలే జాగా చాలా తక్కువ. లెక్క కోసం షాఫ్టు పొడవు 16 అంగుళాలు, ఎత్తు తేడా 6 అంగుళాలు అనుకుంటే వాలు 22 డిగ్రీలు. అదే ఎత్తుకు షాఫ్టు 22 అంగుళాలైతే 16 డిగ్రీలే. అందుకే అవుట్‌పుట్‌ను కురచ చేయాలన్న ఆలోచన వచ్చింది. పెట్టె వైపు కొన్ని అంగుళాలు తగ్గితే అవి షాఫ్టుకు కలుస్తాయి.

మొదట చవక దారి తొక్కినవాళ్లూ ఉన్నారు. ట్రాన్స్‌ఫర్ కేస్‌ను మోసే పలకకు అంగుళం స్పేసర్లు పెట్టి కిందికి దించడం. కష్టపడి సంపాదించిన ఎత్తును బండి నడిబొడ్డులోనే పోగొట్టుకోవడం నాకెప్పుడూ సరైన బేరంగా కనిపించలేదు. ఇంకొందరు ఉన్న షాఫ్టునే కోసి, కొసలో రంధ్రం చేసి మరలు తీసి, దాని మీద ఫ్లాంజ్ (బోల్టులతో కలిపే బిళ్ల) బిగించారు. దాన్ని హ్యాక్ అండ్ ట్యాప్ అంటారు. పెట్టె విప్పనక్కర్లేదు. అసలైన ఎస్‌వైఇ కిట్ వేయాలంటే మాత్రం ఆయిల్ దించి, రెండు చిప్పలూ విడదీసి, చెయిన్ తీసి, పాత మెయిన్ షాఫ్టు స్థానంలో కురచగా, లావుగా ఉన్న 32 పళ్ల షాఫ్టు కూర్చోబెట్టాలి. కాలిఫోర్నియాలో అడ్వాన్స్ అడాప్టర్స్, లూసియానాలో జేబీ కన్వర్షన్స్ లాంటి సంస్థలు ఈ కిట్లతో పేరు తెచ్చుకున్నాయి.

అవుట్‌పుట్ మార్చగానే పాత షాఫ్టు పనికిరాదు. దాని బదులు పెట్టె వైపు డబుల్ కార్డాన్ జాయింట్ ఉన్న షాఫ్టు వేస్తారు. పక్కపక్కనే రెండు క్రాసులు, వాటి మధ్య కేంద్రాన్ని నిలిపే చిన్న గుండు. హుక్ చెప్పిన జంట కీలే ఇది. కోణాన్ని రెండు క్రాసులూ చెరిసగం పంచుకుంటాయి. హెచ్చుతగ్గు వాటి మధ్యనున్న చిన్న ముక్కకే పరిమితమవుతుంది, పొడుగాటి గొట్టం నిలకడగా తిరుగుతుంది. ఇరుసు దగ్గర మాత్రం ఒక్క క్రాసే ఉంటుంది గనక, షాఫ్టు వచ్చి కలిసే ఇరుసు పినియన్ ముక్కును షాఫ్టుకు సూటిగా తిప్పాలి. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే ఆ ముక్కు పైకి లేస్తుంది కాబట్టి ఒకటి రెండు డిగ్రీలు కిందికే ఉంచుతారు. ఈ చివరి మెట్టును బద్ధకించి వదిలేస్తే ఖరీదైన కిట్ వేసినా వణుకు తగ్గదు.

నా దృష్టిలో ఈ మార్పు ఇచ్చే పెద్ద భరోసా వేరే ఉంది. జారే యోక్ ఉన్న బండిలో వెనక షాఫ్టు విరిగి, దాన్ని ఊడదీస్తే ట్రాన్స్‌ఫర్ కేస్ తోక తెరుచుకుని ఆయిల్ కారిపోతుంది. బిగింపు యోక్ అయితే సీలు ఉన్నచోటే ఉంటుంది. విరిగిన షాఫ్టు విప్పి బండిలో పడేసుకుని, ముందు చక్రాల లాగుడుతో కొండ దిగి రావచ్చు. ఊరికి దూరంగా, సాయం దొరకని రాళ్లలో చిక్కుకున్నవాళ్లకు అది ఇంటికి చేరే దారి.

2003లో టీజే రూబికాన్ మోడల్‌కు ఫ్యాక్టరీ కొత్త ట్రాన్స్‌ఫర్ కేస్ ఇచ్చింది: 4 నిష్పత్తి లో గేరుతో ఎన్‌వి241ఓఆర్. దాని వెనక అవుట్‌పుట్‌కు బిగింపు యోక్ ఉంది. 2007 మోడల్ జేకే ర్యాంగ్లర్ వచ్చేసరికి జారే యోక్ ఊసే లేదు, షాఫ్టు రెండు కొసలా ఫ్లాంజులే. జేకేని పైకి లేపినవాళ్లు షాఫ్టు మార్చుకోవాల్సి వచ్చినా బోల్టులు విప్పడం, అవసరమైతే ఒక నట్టు తీసి ఫ్లాంజ్ బదులు యోక్ పెట్టడంతో పని అయిపోతుంది. పెట్టె చిప్పలు విడదీయాల్సిన అవసరం రాదు.