దారి చివర వాలుగీత

మొట్టమొదటి యూనిక్స్‌లో ఫైలుకు పేరుండేది గానీ దారి ఉండేది కాదు. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ పీడీపీ-7 అనే చిన్న యంత్రం మీద రాసిన ఆ వ్యవస్థలో ఒక డైరెక్టరీలో నిలబడి అందులోని పేరు మాత్రమే పిలవాలి. వేరేచోటి ఫైలు కావాలంటే ముందుగా దానికొక లింకు వేసుకోవాలి. పదేళ్ల తరవాత డెనిస్ రిచీ యూనిక్స్ ఎలా ఎదిగిందో రాస్తూ, దారి లేని ఆ లోటును లింకులతోనే పూడ్చుకునేవాళ్లమని చెప్పాడు. లింకు దారికన్నా ముందే పుట్టింది.

1971 నవంబరు 3 తేదీతో వెలువడిన మొదటి మాన్యువల్ నాటికి దారులు వచ్చేశాయి. యూనిక్స్‌కు ముందుతరం అయిన మల్టిక్స్‌లో పేర్ల మధ్య '>' గుర్తు పెట్టేవారు. థాంప్సన్, రిచీ '/' అనే వాలుగీతను ఎంచుకున్నారు. ఆ దారిని వ్యవస్థకు గుండెకాయ అయిన కెర్నెల్ ఎడమ నుంచి ఒక్కొక్క మాటా చదువుతుంది. మొదటి డైరెక్టరీలో రెండో పేరు వెతుకుతుంది, దొరికిన చోట మూడోది వెతుకుతుంది. ప్రతి డైరెక్టరీలోనూ డిస్కు మీద నిజంగా రాసి ఉండే రెండు పేర్లుండేవి. ఒక చుక్క అంటే తాను, రెండు చుక్కలంటే తన పై డైరెక్టరీ. కిందికి ఒక అడుగు వేసి '..' అంటే బయల్దేరిన చోటికే వస్తాం. కాబట్టి దారిలో ఎక్కడైనా ఒక పేరు, వెంటనే రెండు చుక్కలు కనబడితే ఆ జంటను కళ్లు మూసుకుని కొట్టేయొచ్చు. డిస్కును అడగనక్కరలేదు, అక్షరాలు చూస్తే చాలు.

ఈ భరోసా 1983లో పోయింది.

ఆ ఏడాది బర్కిలీ విశ్వవిద్యాలయం నుంచి 4.2 బీఎస్‌డీ అనే యూనిక్స్ వచ్చింది. అందులోని కొత్త ఫైల్ సిస్టమ్‌ను కిర్క్ మెక్‌కూసిక్, బిల్ జాయ్, శామ్యూల్ లెఫ్లర్, రాబర్ట్ ఫాబ్రీ 1984లో ఒక పత్రంలో వివరించారు. అందరూ దాన్ని వేగం కోసం చదువుతారు. నాకు మాత్రం అందులో సింబాలిక్ లింకుల గురించి రాసిన చిన్న భాగమే ముఖ్యంగా తోస్తుంది. పాత లింకు ఒకే డిస్కు విభాగం లోపలే పనిచేసేది, ఎందుకంటే అది ఫైలు సంఖ్యను పట్టుకుంటుంది, ఆ సంఖ్యకు ఆ విభాగం దాటితే అర్థం లేదు. మామూలు వాడుకరి డైరెక్టరీలకు అలాంటి లింకు వేయడానికీ లేదు. కొత్త లింకుకు ఈ రెండు అడ్డంకులూ లేవు. అది సంఖ్యను కాదు, ఒక దారిని అక్షరాలుగా దాచుకున్న చిన్న ఫైలు. నడకలో అది ఎదురైతే కెర్నెల్ ఆ అక్షరాలను మిగిలిన దారి ముందు అతికించి మళ్లీ చదవడం మొదలుపెడుతుంది. మల్టిక్స్ దగ్గర 1965 నుంచే ఇలాంటి ఆలోచన ఉంది. యూనిక్స్‌లోకి అది వచ్చింది బర్కిలీ గుండానే.

తాళం వేసిన ఇంటి తలుపుకు 'ఇల్లు మారాం, ఫలానా వీధికి రండి' అని అంటించిన చీటీ సింబాలిక్ లింకు. చీటీలో ఉన్న చిరునామా నిజమో కాదో అంటించేటప్పుడు ఎవరూ చూడరు. అక్కడ ఇల్లే లేకపోవచ్చు. ఆ ఇంటి తలుపు మీద మళ్లీ ఇక్కడికే రమ్మనే చీటీ ఉండొచ్చు. అందుకే కెర్నెల్ ఒక లెక్క పెట్టుకుంటుంది. బర్కిలీవాళ్లు ఎనిమిది చీటీల దాకా ఓపిక పట్టారు, నేటి లినక్స్ నలభై దాకా పడుతుంది. ఆ తరవాత చేతులెత్తేస్తుంది.

అసలు చిక్కు వెనక్కి నడిచేటప్పుడు వస్తుంది. '/సర్వర్/తాజా' అనేది '/డిస్కు2/విడుదలలు/మే' వైపు చూపే లింకు అనుకుందాం. '/సర్వర్/తాజా/..' అంటే ఏది? అక్షరాలు చూసి కొట్టేస్తే '/సర్వర్'. కెర్నెల్‌ను అడిగితే '/డిస్కు2/విడుదలలు'. 'మే' లోపల డిస్కు మీద రాసి ఉన్న రెండు చుక్కలకు సర్వర్ అనే చోటు ఒకటుందనే తెలియదు. రెండు జవాబులకూ న్యాయం ఉంది, కానీ రెండూ ఒకటి కావు.

వాడేవాళ్లకు ఇది తలనొప్పయింది. మనం కొట్టే కమాండ్లను అందుకునే ప్రోగ్రామే షెల్; తన కార్న్ షెల్‌లో డేవిడ్ కార్న్ మనిషి పక్షాన నిలిచాడు. ఏ దారిన వచ్చామో షెల్ గుర్తుంచుకుంటుంది, డైరెక్టరీ మారడానికి 'సీడీ ..' అంటే వచ్చిన దారినే వెనక్కి తీసుకెళ్తుంది. యూనిక్స్ వంటి వ్యవస్థలకు ఉమ్మడిదైన పాజిక్స్ ప్రమాణం కూడా దాన్నే మామూలు పద్ధతిగా తీసుకుని, డిస్కు మీది నిజం కావాలనుకునేవారికి వేరే ఆప్షన్ ఇచ్చింది. షెల్‌కు ఆ జ్ఞాపకం ఉంది గానీ మిగతా కమాండ్లకు లేదు. ఒకే చోట నిలబడి 'ఎల్‌ఎస్ ..' అంటే ఒక డైరెక్టరీ కనబడుతుంది, 'సీడీ ..' అంటే ఇంకోదానికి వెళ్తాం. ఈ చీలిక నేటికీ అలాగే ఉంది.

దీన్ని వేళ్లతో సహా సరిచేయాలని కూర్చున్నది బెల్ ల్యాబ్స్‌వాళ్లే. యూనిక్స్ తరవాత వాళ్లు కట్టిన ప్లాన్ 9లో సింబాలిక్ లింకులే లేవు. అయినా ఒక డైరెక్టరీని ఇంకోచోట అతికించే సౌకర్యం ఉండడంతో పాత ప్రశ్నే మళ్లీ తలెత్తింది. తెరిచిన ప్రతి ఫైలుకూ అది ఏ పేరుతో తెరుచుకుందో కెర్నెలే గుర్తుంచుకోవాలని, రెండు చుక్కలను ఆ పేరును బట్టే తీర్చాలని రాబ్ పైక్ 2000లో ఒక పత్రంలో చూపించాడు. షెల్ ఒక్కటే కాదు, వ్యవస్థ మొత్తం వచ్చిన దారిని గుర్తుంచుకుంటుంది. నేను చదివిన పరిష్కారాల్లో నిజాయితీ గలది ఇదే. కానీ ప్రపంచం ప్లాన్ 9 వైపు నడవలేదు. పైక్ భాగస్వామి అయిన గో భాషలో దారిని శుభ్రం చేసే ఫంక్షన్ పక్కన ఆ పత్రం పేరు ఇప్పటికీ కనబడుతుంది. అక్షరాలను చూసి కొట్టేసే పద్ధతి ప్లాన్ 9లో నిజం. సింబాలిక్ లింకులున్న లినక్స్ మీద అదే పద్ధతి తప్పుదారి పట్టించగలదు. పైథాన్ డాక్యుమెంటేషన్ తన ఇలాంటి ఫంక్షన్ గురించి ఈ హెచ్చరికను సూటిగానే ఇస్తుంది.

ఇక చివరి వాలుగీత. లింకు పేరు గీత లేకుండా రాస్తే కొన్ని కమాండ్లకు చీటీ అని అర్థం. గీత పెట్టి రాస్తే చీటీ చూపిన ఇల్లు. 'ఎల్‌ఎస్ -ఎల్ తాజా' అంటే లింకు వివరం ఒక వరుసలో వస్తుంది, 'తాజా/' అంటే లోపలి ఫైళ్లన్నీ వస్తాయి. ఫైళ్లను నకలు చేయడానికి 1996లో వచ్చిన ఆర్‌సింక్‌లో మూలం చివర గీత ఉంటే డైరెక్టరీ లోపలి సరుకు మాత్రమే వెళ్తుంది, లేకపోతే డైరెక్టరీతో సహా వెళ్తుంది.

ఎక్కువ నష్టం చేసేది, డైరెక్టరీని లోపలి సరుకుతో సహా తుడిచేసే 'ఆర్‌ఎమ్ -ఆర్'. గీత లేకపోతే లింకు ఒక్కటే పోతుంది, అసలు ఫైళ్లు పదిలం. గీత ఉంటే గ్నూ ఆర్‌ఎమ్ లింకు దాటి వెళ్లి అవతలి డైరెక్టరీని ఖాళీ చేస్తుంది. అంతా చేశాక, ఇది డైరెక్టరీ కాదు, తీసేయలేను అని లింకు దగ్గర ఆగిపోతుంది. ఆ గీతను మనిషి కావాలని కొట్టాడా అంటే, చాలాసార్లు కాదు. పేరు పూర్తి చేయడానికి ట్యాబ్ మీట నొక్కుతాం. ఇలాంటి లింకుకు మొదటి నొక్కుకు గీత పెట్టకపోవడం బ్యాష్ షెల్ అలవాటు, రెండోసారి నొక్కితే పెట్టేస్తుంది. ఒక్క మీట తేడాతో ఏళ్ల పని పోవడం నాకు చిన్న విషయంగా కనబడదు.

ప్రమాణం రాసినవాళ్లూ ఈ గీత దగ్గర తడబడ్డారు. చివర గీత ఉంటే దాని తరవాత ఒక చుక్క ఉన్నట్టే చదవాలని 2001 పాజిక్స్ అంది. డైరెక్టరీకి అది బాగానే ఉంది. మరి ఇంకా పుట్టని డైరెక్టరీని 'కొత్త/' అని సృష్టించబోతే? లేని దాని లోపలి చుక్కను వెతకాల్సి వస్తుంది. 2008లో ఆ వాక్యం మార్చారు. గీతకు ముందున్న పేరు ఇప్పటికే ఉన్న డైరెక్టరీది అయినా కావాలి, ఇప్పుడే పుట్టబోయే డైరెక్టరీది అయినా కావాలి. అయినా వ్యవస్థలన్నీ ఒక్క మాట మీద లేవు. చివరి గీత దగ్గర ఏ ఫంక్షన్ ఏ వ్యవస్థలో దారి తప్పుతుందో గ్నూలిబ్ అనే లైబ్రరీ మాన్యువల్ పేజీ తరవాత పేజీ నమోదు చేసింది.

ఇంత అర్థం మోసే గీతను చాలా లైబ్రరీలు దుమ్ములా తుడిచేస్తాయి. గో, పైథాన్‌లలోని శుభ్రం చేసే ఫంక్షన్లు దాన్ని తీసేస్తాయి. ఈమాక్స్ ఎడిటర్ కొంచెం జాగ్రత్తపడింది. దారిని విప్పే దాని ఫంక్షన్ చివరి గీతను ఉంచుతుంది, రెండు చుక్కలను మాత్రం అక్షరాలుగానే కొట్టేస్తుంది. లింకులన్నీ దాటిన అసలు పేరు కావాలంటే ఇంకో ఫంక్షన్‌ను అడగమంటుంది. సీ భాషలో ఆ పని 4.4 బీఎస్‌డీతో వచ్చిన రియల్‌పాత్ చేస్తుంది.

ఆ జవాబు కూడా అడిగిన క్షణానికే నిజం. పేరును పరీక్షించడానికీ ఫైలును తెరవడానికీ మధ్య ఎవరైనా చీటీ మార్చేయగలరు. అందరూ రాయగల తాత్కాలిక డైరెక్టరీల్లో దాడి చేసేవాళ్లు ఏళ్ల తరబడి చేసింది ఇదే. 2012లో లినక్స్ 3.6 అలాంటి డైరెక్టరీల్లో వేరేవాళ్లు పెట్టిన లింకులను దాటనివ్వని రక్షణ ఇచ్చింది. 2020లో 5.6తో ఓపెన్‌యాట్2 అనే సిస్టమ్ కాల్ వచ్చింది. అందులో ప్రోగ్రామర్ దారితో పాటు షరతు కూడా చెప్పొచ్చు. ఈ డైరెక్టరీ దాటి పైకి పోవద్దు, లేదా ఒక్క లింకునూ దాటొద్దు. షరతు తప్పితే ఫైలు తెరుచుకోదు. ఆ తనిఖీ అక్షరాల మీద కాదు, కెర్నెల్ నడుస్తున్న దారిలోనే అడుగడుగునా జరుగుతుంది.