సోక్రటీస్ చివరి రోజు: భయపడుతున్న రూమ్‌లో ఒక డిస్కషన్

ఈరోజు కథంతా ఒక జైలు గదిలోనే. క్రీ.పూ. 399, ఏథెన్స్. సోక్రటీస్‌కి 70 ఏళ్ళు. పొద్దుగూకేలోపు ఆయన హెమ్లాక్ విషం తాగాలి. పొద్దున్నే డజనుకి పైగా ఫ్రెండ్స్ వచ్చి చుట్టూ కూర్చున్నారు. టాపిక్ ఏంటో తెలుసా? మనిషి చచ్చిపోయాక ఆత్మ మిగులుతుందా, లేదా అని! ఆ మనిషి ముందు, ఆ రోజున, ఇంతకన్నా ఇబ్బందైన టాపిక్ ఇంకోటి ఉండదు.

ఇదంతా ప్లేటో రాసిన 'ఫీడో'లో ఉంది. ముందే ఒక మాట చెప్పాలి. ఆ రోజు ప్లేటో అక్కడ లేడు, ఒంట్లో బాలేదేమో అని ఆ పుస్తకంలోనే ఉంటుంది. కాబట్టి దీన్ని సీసీటీవీ ఫుటేజ్‌లా తీసుకోకండి. చాలామంది ఈ పుస్తకంలో ఆత్మకి ప్రూఫ్‌లు వెతుకుతారు. నిజం చెప్పాలంటే ఆ ప్రూఫ్‌లు నాకు పెద్దగా ఎక్కలేదు. నన్ను పట్టుకుంది ఆ ప్రూఫ్‌ల మధ్యలో మనుషులకి ఏమైందనేది.

సిమ్మియాస్, సెబీస్ అని తీబ్స్ నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు ఉన్నారు. లాజిక్‌లో దిట్టలు. ఒక దశలో సెబీస్ అంటాడు, మాలో ఒక చిన్నపిల్లాడు ఉన్నాడు, వాడికి చావంటే భయం, వాడికి నచ్చజెప్పండి అని. సోక్రటీస్ వాడి నోరు మూయించలేదు. ఆ భయం పోయేదాకా రోజూ వాడికి మంత్రం వేసినట్టు చెప్తూ ఉండాలి అన్నాడు. అంటే, ఒక్క మంచి ఆర్గ్యుమెంట్‌తో భయం పోదని ఆయనకి తెలుసు.

కాసేపటికి వాళ్ళిద్దరూ గుసగుసలాడుకుంటుంటే ఆయనే చూసి అడిగాడు, ఏమైనా డౌట్ ఉందా అని. ఉంది, కానీ ఇలాంటి టైమ్‌లో మిమ్మల్ని బాధపెట్టడం ఇష్టం లేక ఆగాం అన్నారు. సోక్రటీస్ మెల్లగా నవ్వి, అడగండి అన్నాడు. అడిగారు, మామూలుగా కాదు. సిమ్మియాస్ అన్నాడు, లైర్ అనే తీగల వాయిద్యం విరిగిపోతే దాని శ్రుతి కూడా పోతుంది కదా, ఆత్మ కూడా అంతేనేమో అని. సెబీస్ ఇంకో అడుగు ముందుకేశాడు. ఆత్మ పాత బట్టలు వదిలేసి కొత్తవి వేసుకుంటుందనే పోలిక మనకి గీతలో తెలుసు కదా? సెబీస్ ఆ బట్టల పోలికనే తిప్పి కొట్టాడు. నేతగాడు బతికుండగా ఎన్నో బట్టలు నేసి, కట్టి చింపేస్తాడు. కానీ ఆఖరి బట్ట మాత్రం అతను పోయాక కూడా ఉంటుంది. ఆత్మ కూడా ఎన్నో శరీరాలు మార్చి మార్చి, చివరికి అరిగిపోతే?

రూమ్ మొత్తం డల్ అయిపోయింది. అప్పటిదాకా నమ్మినవాళ్ళకి, ఇక ఏ వాదననీ నమ్మలేమేమో అనిపించింది. ఈ కథ చెప్తున్న ఫీడో కూడా ఆ గదిలోనే ఉన్నాడు. సోక్రటీస్ జవాబిచ్చాడు సరే, అది వింత కాదు అంటాడు ఫీడో. ఆ కుర్రాళ్ళ మాటని అంత ఇష్టంగా, మర్యాదగా వినడం, మా మొహాలు చూసి మాకు ఏమవుతోందో వెంటనే పట్టేయడమే తనకి ఆశ్చర్యం అంటాడు.

మరి సోక్రటీస్ ముందు ఏం చేశాడు? ఆర్గ్యుమెంట్ కాదు. పక్కన చిన్న పీట మీద కూర్చున్న ఫీడో తల నిమిరాడు. అతనికి పొడుగు జుట్టు. గ్రీకులు ఎవరైనా పోతే జుట్టు కత్తిరించుకునేవాళ్ళు, మన దగ్గర గుండు చేయించుకున్నట్టు. రేపు ఈ జుట్టు తీసేస్తావు కదా అన్నాడు. అవునన్నాడు ఫీడో. రేపు ఎందుకు, మన వాదన ఇవాళ చచ్చిపోతే ఇద్దరం ఇవాళే తీసేద్దాం అన్నాడు సోక్రటీస్. బాధ ఉందని ఒప్పుకున్నాడు, దాని పక్కనే ఒక జోక్ పెట్టాడు.

తర్వాత ఒక జాగ్రత్త చెప్పాడు. నాలుగుసార్లు మోసపోయినవాడు మనుషులందరినీ ద్వేషించినట్టు, నాలుగు వాదనలు ఓడిపోయాయని ఆలోచించడాన్నే ద్వేషించకండి అని. వెంటనే తన సంగతి కూడా బయటపెట్టాడు. చావబోతున్నది నేను, కాబట్టి ఈ వాదన గెలవాలన్న ఆశ నాకూ ఉంది, నన్ను చూసి ఒప్పుకోకండి, నిజాన్ని చూడండి అన్నాడు. ఆ తర్వాతే సిమ్మియాస్‌కి, సెబీస్‌కి జవాబు మొదలుపెట్టాడు. పూర్తి సీరియస్‌గా, డిస్కౌంట్ ఏమీ ఇవ్వకుండా. కోడ్ రివ్యూలో బగ్ చూపించిన జూనియర్‌కి సీనియర్ ఇలా జవాబిస్తే ఎంత బాగుంటుందో, మన ఐటీ వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

కానీ ఆ రోజు ఇంకో మనిషి కూడా ఏడ్చింది. పొద్దున ఫ్రెండ్స్ లోపలికి వచ్చేసరికి భార్య జాంతిపీ పిల్లాడితో ఆయన పక్కనే కూర్చుని ఉంది. వాళ్ళని చూసి ఘొల్లుమంది. ఏమని? నీ స్నేహితులు నీతో, నువ్వు వాళ్ళతో మాట్లాడేది ఇదే ఆఖరిసారి అని. గమనించారా, ఆమె ఏడ్చింది వాళ్ళ డిస్కషన్ ఆగిపోతోందని! సోక్రటీస్ మాత్రం క్రిటో వైపు చూసి, ఎవరైనా ఈమెని ఇంటికి తీసుకెళ్ళండి అన్నాడు. తీసుకెళ్ళిపోయారు. సాయంత్రం ఇంటి ఆడవాళ్ళు, పిల్లలు వస్తే మాట్లాడి పంపేశాడు. విషం తాగాక మగాళ్ళందరూ ఏడుస్తుంటే, ఇలాంటివి వద్దనే కదా ఆడవాళ్ళని పంపింది అని కసిరాడు కూడా.

అపోలోడోరస్ అని ఒకతను ఉన్నాడు. పొద్దుట్నుంచి ఏడుస్తూనే ఉన్నాడు, చివర్లో అతని ఏడుపుకే మిగతావాళ్ళూ కూలిపోయారు. అతన్ని మాత్రం ఇంటికి పంపమని ఎవరూ అనలేదు.