ద్వారం వారి ఫిడేలు - విజయనగరం పాఠం

కళలను పోషించినది రాజులే అనే మాట మనం తరచు వింటూ ఉంటాం. విజయనగరం పేరెత్తితే ఆ మాట మరింత గట్టిగా వినిపిస్తుంది. ఇందులో సత్యమెంత? ద్వారం వెంకటస్వామి నాయుడుగారి జీవితాన్ని పరిశీలిస్తే జవాబు కొంత దొరుకుతుంది.

ఆయన వాయించిన ఫిడేలు మన దేశంలో పుట్టినది కాదు. సుమారు రెండువందల ఏళ్ల కిందట ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు, మణలి మొదలియార్ల ప్రాపకంలో, మద్రాసులో ఒక యూరపియను వద్ద దాన్ని నేర్చుకున్నాడు. అమెరికాలో నల్లజాతివారు పియానోను చేపట్టి జాజ్ సంగీతానికి అనువుగా మలచుకున్నట్లే, మనవారు ఫిడేలు చేత గమకం పలికించారు. వాద్యం దాన్ని చేసినవాడిది కాదు. దాని మీద శ్రమించినవాడిది. ఐనా చాలాకాలం ఫిడేలు ప్రధానంగా పక్కవాద్యంగానే ఉండిపోయింది.

నాయుడుగారు 1893లో బెంగుళూరులో పుట్టి విశాఖపట్నంలో పెరిగారు. చూపు మందగించి బడి చదువు మధ్యలోనే ఆగింది. అన్నగారు వెంకటకృష్ణయ్య దగ్గర ఫిడేలు పట్టారు. 1919లో విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల వెలసింది. ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులు. అక్కడ విద్యార్థిగా చేరబోయిన నాయుడుగారిని ఆచార్యుడిగా నియమించారని ప్రసిద్ధి. పట్టా లేదు, చూపు సరిగా లేదు. ఉన్నది విద్య ఒక్కటే.

ఆస్థాన విద్వాంసుడు ప్రభువు ముందు వాయించి సంభావన పుచ్చుకుంటాడు. కళాశాల అధ్యాపకుడు నెలజీతం మీద నలుగురికీ విద్య చెబుతాడు. మొదటిచోట విద్య ప్రభువుకు అలంకారం. రెండవచోట సంఘానికి ఆస్తి. చారిత్రకంగా విజయనగరం వేసిన ముందడుగు ఇదే. 1936లో దాసుగారి తరువాత నాయుడుగారు అధ్యక్షులైనారు. 1938లో వేలూరులో గాత్రం లేకుండా ఫిడేలుతోనే కచేరీ నడిపారు. 1941లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదమిచ్చింది.

ఐతే ఆ కళాశాలకు డబ్బు ఎక్కడిది? జమీందారీ శిస్తుది, అంటే రైతు చెమటది. పోషకుల పేర్లు చెప్పుకునేటప్పుడు ఆ రైతును మనం తలచుకోం.

మరొక విషయం. తలుపు తెరిచినంత మాత్రాన ఆకలి తీరదు. సంగీతం నేర్వడానికి ఆ ఊరు వచ్చిన ఘంటసాల వెంకటేశ్వరరావు ఇంటింటా మధూకరం ఎత్తి పొట్ట నింపుకున్నాడు. గురువు పట్రాయని సీతారామశాస్త్రి ఆదరణ, పేరు తెలియని గృహిణులు పెట్టిన పట్టెడన్నం - ఈ రెండూ లేకపోతే ఆ గొంతు మనకు దక్కేదా? వాళ్లు కూడా పోషకులే.

1948 చట్టంతో జమీందారీల రద్దు మొదలయింది. 1964లో నాయుడుగారు కన్నుమూశారు. కళాశాల ప్రభుత్వ సంస్థగా నిలిచింది. జమీ పోయినా సంగీతం పోలేదు. కనుక మన ప్రశ్న రాజులు లేరే అని కాదు. పట్టా లేని విద్వాంసుడికి బోధించే చోటు, చేతిలో కాసు లేని విద్యార్థికి రెండుపూటలా అన్నం - ఈ రెండూ నేటి మన సంఘం ఇస్తున్నదా అన్నదే ప్రశ్న.